మెదడుకు అయస్కాంత చికిత్స: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

రెండు మూడు రకాల మందులు మార్చినా డిప్రెషన్ తగ్గనివారికి మానసిక వైద్యులు ఇప్పుడు టీఎంఎస్ గురించి చెబుతున్నారు. ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్ అనే పేరుకు అది పొట్టి రూపం. తల మీద కాయిల్ పెట్టి, అయస్కాంత క్షేత్రం సాయంతో మెదడులోని నాడీకణాలను ప్రేరేపించే చికిత్స ఇది. తీరా వెళ్లి అడిగితే ఒకచోట పది హెర్ట్జ్ అంటారు, ఇంకోచోట తీటా బర్స్ట్ అంటారు. డీప్ టీఎంఎస్ మేలంటారు. ఐదు రోజుల్లో ముగిసే కోర్సు వచ్చిందంటారు. అసలు ఈసీటీయే, అంటే మత్తు ఇచ్చి చేసే షాక్ చికిత్సే, సరైనదని మరో డాక్టరు చెబుతారు. ఇంట్లోనే తలకు పెట్టుకునే చిన్న పరికరం ఉందని ఫోనులో ప్రకటన కనిపిస్తుంది. నెలల తరబడి నిద్ర, ఆకలి, ఆశ పోగొట్టుకున్న మనిషిని ఇంట్లో పెట్టుకుని ఇన్ని పేర్ల మధ్య తేల్చుకోవడం ఏ కుటుంబానికైనా కష్టమే.

నా మాట ఒకటే. యంత్రం ఏ కంపెనీది, ఎంత కొత్తది అన్నవి చివర చూసుకోవచ్చు. ప్రేరణ మెదడులో ఎక్కడ తగులుతుంది, ఎంత వేగంతో తగులుతుంది, ఎంత బలంతో తగులుతుంది అన్న మూడూ ముందు తెలుసుకోండి. పద్ధతుల మధ్య అసలు తేడాలన్నీ వీటిలోనే ఉన్నాయి.

కాయిల్ కింద జరిగేది

కాయిల్ అంటే ప్లాస్టిక్ తొడుగులో బిగించిన రాగి తీగచుట్ట. యంత్రంలోని కెపాసిటర్లలో నిల్వ ఉన్న విద్యుత్తును ఒక్కసారిగా దానిలోకి వదులుతారు. కొన్ని వేల యాంపియర్ల ప్రవాహం మిల్లీసెకనులో మూడో వంతు కూడా పట్టనంత స్వల్ప కాలంలో వచ్చి పోతుంది. ఆ సమయంలో కాయిల్ దగ్గర 1.5 నుంచి 2 టెస్లాల అయస్కాంత క్షేత్రం పుట్టి మాయమవుతుంది. ఎంఆర్‌ఐ యంత్రంలో ఉండే క్షేత్రం కూడా దాదాపు అంతే బలమైనది. మారుతున్న అయస్కాంత క్షేత్రం దగ్గరలోని వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లోనే చూపించాడు. ఇక్కడ ఆ వాహకం మెదడు. నాడీకణాలను కదిలించేది చివరికి విద్యుత్తే. దాన్ని పుర్రె దాటించి, నొప్పి లేకుండా లోపలికి చేర్చడానికే అయస్కాంతం కావలసి వచ్చింది.

నొప్పి సంగతి చిన్నది కాదు. 1980లో బ్రిటన్‌లో మెర్టన్, మోర్టన్ అనే పరిశోధకులు తల చర్మం మీద నుంచే విద్యుత్తు పంపి చేతి కండరాలను కదిలించగలిగారు. పుర్రె విద్యుత్తును బాగా అడ్డుకుంటుంది కాబట్టి ఎక్కువ వోల్టేజీ వాడవలసి వచ్చింది, అది చాలా నొప్పి పుట్టించేది. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం అదే పనిని అయస్కాంత క్షేత్రంతో చేసింది. మెలకువగా ఉన్న మనిషి తల మీద కాయిల్ పెట్టి ఒక్క పల్స్ ఇవ్వగానే చేయి కదిలింది, నొప్పి లేదు. ఈ రోజు వాడుతున్న టీఎంఎస్ యంత్రాలన్నింటికీ మూలం అదే.

ఈ సూత్రం తెలిస్తే ఒక మోసం నుంచి కూడా తప్పించుకోవచ్చు. మారని అయస్కాంతం ఎంత బలమైనదైనా, కదలకుండా ఉన్న తలలో విద్యుత్తును పుట్టించదు. తలకు కట్టుకునే అయస్కాంతపు పట్టీలు, టోపీలు, కంకణాలు డిప్రెషన్ తగ్గిస్తాయని అమ్మేవారి సరుకుకూ టీఎంఎస్‌కూ పేరులో తప్ప సంబంధం లేదు. వాటికి ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

కాయిల్ నుంచి దూరం పెరిగే కొద్దీ క్షేత్రం వేగంగా బలహీనపడుతుంది. మామూలు కాయిల్ తల చర్మం నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే నాడీకణాలను నేరుగా ప్రేరేపించగలదు. అంటే మెదడు పైపొర, కార్టెక్స్, వరకే. డిప్రెషన్‌తో బాగా ముడిపడి ఉన్న భాగాల్లో ఒకటైన సబ్‌జెన్యువల్ సింగ్యులేట్ మెదడు నడిమధ్యన, ఎంతో లోతున ఉంటుంది. కాయిల్ దాన్ని తాకలేదు. అయినా చికిత్స పనిచేస్తోంది. ఎలా పనిచేస్తోందన్న ప్రశ్నకు జవాబు మెదడులోని అనుసంధానాల్లో ఉంది.

ఒకచోట తట్టితే ఇంకెక్కడో స్పందన

పల్స్ తగిలిన చోట నాడీకణాలు ఒక్కసారిగా స్పందించి, తమ పొడవాటి తంతువుల ద్వారా దూరంలోని భాగాలకు సంకేతాలు పంపుతాయి. 1997 నుంచి టీఎంఎస్‌ను పెట్ స్కాన్‌తోనూ, మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీతోనూ, ఆ తర్వాత ఎంఆర్‌ఐతోనూ కలిపి చేసిన ప్రయోగాలు దీన్ని కళ్లకు కట్టాయి. ఎడమవైపు ప్రేరేపిస్తే కొద్ది మిల్లీసెకన్లలోనే కుడివైపు అదే భాగంలో కూడా చురుకుదనం కనిపిస్తుంది.

2005లో మార్చెల్లో మస్సిమిని, జూలియో టొనోని బృందం చేసిన ప్రయోగం నాకు ఈ రంగంలో అన్నింటికన్నా ఇష్టమైనది. మెలకువగా ఉన్న మనిషికి ఒక పల్స్ ఇచ్చి ఈఈజీలో చూస్తే, ఆ స్పందన ఒక భాగం నుంచి మరో భాగానికి సాగుతూ మూడు వందల మిల్లీసెకన్ల దాకా నిలిచింది. అదే మనిషి కలలు లేని గాఢనిద్రలో ఉన్నప్పుడు అదే చోట పల్స్ ఇస్తే, స్పందన పుట్టిన చోటే పుట్టి అక్కడే ఆగిపోయింది. కాయిల్ అదే, చోటు అదే. మారింది మెదడు స్థితి ఒక్కటే. కోమాలో ఉన్నవారిలో స్పృహ మిగిలి ఉందా అని తెలుసుకోవడానికి తర్వాత ఇదే పద్ధతి ఆధారమైంది.

చికిత్స ఎంచుకునేవారికి ఇందులో పనికొచ్చే విషయం ఉంది. ప్రేరణ ఇస్తున్నప్పుడు మెదడు ఏ స్థితిలో ఉందన్నది ఫలితాన్ని మారుస్తుంది. సెషన్‌లో నిద్రపోనివ్వకుండా సిబ్బంది మాట్లాడించడం వెనక ఉన్న కారణం ఇదే. మీ కేంద్రంలో రోగిని కుర్చీలో కూర్చోబెట్టి అందరూ బయటికి వెళ్లిపోతుంటే అడగండి.

డిప్రెషన్‌లో ప్రేరణ ఇచ్చే చోటు నుదుటికి ఎడమవైపు పైన, డార్సోలేటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఆలోచనను క్రమంలో పెట్టడం, మనసును ఒక దాని మీద నిలపడం వంటి పనుల్లో దానికి ముఖ్యమైన పాత్ర ఉంది. పైన చెప్పిన లోతైన భాగం అతిగా పనిచేస్తుంటే, ఈ పైభాగం నుంచి దాన్ని అదుపులోకి తేవచ్చన్నది ఇప్పటి అవగాహన. 2012లో మైకేల్ ఫాక్స్ బృందం ఎంఆర్‌ఐ సమాచారంతో ఒక విషయం చూపించింది. ఎడమవైపు ప్రీఫ్రంటల్ భాగంలోనే కొన్ని బిందువులు ఆ లోతైన భాగానికి విరుద్ధంగా నడుస్తాయి, అంటే ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుంది. ఈ వ్యతిరేక బంధం ఎక్కువగా ఉన్న బిందువుల మీద ఇచ్చిన చికిత్సే మెరుగైన ఫలితం ఇచ్చింది. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

బొటనవేలు చెప్పే మోతాదు

మొదటి రోజు జరిగే ఒక పనిని దగ్గర నుంచి గమనించండి. ఆ కేంద్రం ఎంత శ్రద్ధగా పనిచేస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల్లో బిరడాలు పెట్టి, కుడి చేతిని ఒళ్లో వదులుగా పెట్టుకోమంటారు. బొటనవేలి కింది కండరం మీద ఎలక్ట్రోడ్లు అతికిస్తారు. చేతిని కదిలించే మెదడు భాగం ఎడమ చెవికి పైన, నడినెత్తి వైపు ఉంటుంది. అక్కడ కాయిల్ ఆనించి ఒక్కో పల్స్ ఇస్తూ, అర సెంటీమీటరు అటూ ఇటూ జరుపుతూ వెతుకుతారు. సరైన చోటు దొరకగానే రోగి ప్రమేయం లేకుండా బొటనవేలు టక్కున కదులుతుంది. తర్వాత బలం తగ్గిస్తూ వస్తారు. పదిసార్లు ఇస్తే కనీసం ఐదుసార్లు కండరంలో 50 మైక్రోవోల్టుల స్పందన వచ్చే కనీస బలమే ఆ మనిషి మోటార్ థ్రెషోల్డ్. ఎలక్ట్రోడ్లు లేకుండా వేలి కదలికను కంటితో చూసి నిర్ణయించే చోట్లూ ఉన్నాయి. సాధారణంగా చికిత్స మోతాదు దానికి 120 శాతం.

ఈ అంకె మనిషికీ మనిషికీ మారుతుంది. మందు మార్చినా, నిద్ర తక్కువైనా అదే మనిషిలో కూడా మారవచ్చు. ఎవరి థ్రెషోల్డూ కొలవకుండా అందరికీ ఒకే అంకె పెట్టి చికిత్స మొదలుపెట్టే చోటు నుంచి లేచి వచ్చేయండి. మోతాదు తక్కువైతే డబ్బు దండగ, ఎక్కువైతే మూర్ఛ వచ్చే ప్రమాదం.

తర్వాత కాయిల్‌ను ముందుకు జరపాలి. పాత పద్ధతిలో బొటనవేలి బిందువు నుంచి ఐదు సెంటీమీటర్లు ముందుకు కొలిచేవారు. అందరి తలకూ ఒకే ఐదు సెంటీమీటర్లు సరిపోవు కదా. పెద్ద తల ఉన్నవారిలో కాయిల్ వెనక్కి పడిపోయేది. ఇప్పుడు తల చుట్టుకొలత, ముక్కు మొదలు నుంచి వెనక వరకు దూరం, చెవి నుంచి చెవికి దూరం కొలిచి లెక్కకట్టే బీమ్ ఎఫ్3 పద్ధతి ఉంది. దానికి టేపు చాలు. ఇంకా మెరుగైనది రోగి సొంత ఎంఆర్‌ఐతో కాయిల్‌ను నడిపించే న్యూరోనావిగేషన్. అది ఉంటే మంచిదే, లేకపోయినా బీమ్ పద్ధతి శ్రద్ధగా చేస్తే సరిపోతుందని నా ఉద్దేశం. ఖరీదైన యంత్రం పెట్టి ఐదు సెంటీమీటర్ల స్కేలుతో కొలిచే చోటు కన్నా, పాత యంత్రంతోనైనా రోజూ టేపు పట్టి గుర్తు పెట్టే చోటు మేలు.

వేగం మారితే ఫలితం తిరగబడుతుంది

సెకనుకు ఒక పల్స్, అంటే ఒక హెర్ట్జ్, వేగంతో పావుగంట పైగా ఇస్తే ఆ భాగం చురుకుదనం సాధారణంగా తగ్గుతుంది. 1997లో రాబర్ట్ చెన్ బృందం చేతి కండరాల మీద దీన్ని కొలిచి చూపింది. సెకనుకు ఐదు, పది, ఇరవై చొప్పున విడతలు విడతలుగా ఇస్తే చురుకుదనం పెరుగుతుంది. నాడీకణాల మధ్య సంధులు బలపడటం, బలహీనపడటం అనే మార్పులే దీనికి కారణమని భావిస్తారు. ఆ మార్పులకు అవసరమైన ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మందుతో అడ్డుకుంటే ప్రేరణ తర్వాత ఉండాల్సిన ప్రభావం కనిపించకపోవడం ఈ వాదనకు బలమిస్తోంది.

2005లో యింగ్ జూ హువాంగ్ బృందం తీటా బర్స్ట్‌ను ప్రవేశపెట్టింది. మూడేసి పల్స్‌ల గుత్తి, గుత్తిలో వేగం 50 హెర్ట్జ్, గుత్తులు సెకనుకు ఐదు. ఇదే సరళిని ఆపకుండా 40 సెకన్లు ఇస్తే చురుకుదనం తగ్గింది. రెండు సెకన్లు ఇచ్చి ఎనిమిది సెకన్లు ఆపుతూ పోతే పెరిగింది. పల్స్‌ల సంఖ్య రెండింటిలోనూ 600. మధ్యలో ఇచ్చిన విరామమే ఫలితాన్ని తలకిందులు చేసింది.

అయితే ఎక్కువ వేగం పెంచుతుంది, తక్కువ వేగం తగ్గిస్తుంది అన్నది సగటున నిజం. 2013లో మసాషి హమాదా బృందం యాభై మందికి పైగా ఆరోగ్యవంతుల మీద తీటా బర్స్ట్ రెండు రకాలూ పరీక్షిస్తే, రెండింటికీ పుస్తకంలో రాసినట్టు స్పందించినవారు నాలుగో వంతు మాత్రమే. కొందరిలో అసలు మార్పు లేదు, కొందరిలో ఎదురు ఫలితం. పక్కింటివారికి పనిచేసింది మీకు పనిచేయకపోతే అది మీ తప్పు కాదు, మీ సంకల్పబలంలో లోపం అంతకన్నా కాదు. ఒక పద్ధతి కుదరకపోతే రెండో పద్ధతి ప్రయత్నించడానికి ఇది మంచి కారణం.

పది హెర్ట్జా, మూడు నిమిషాలా?

ఎక్కువమందికి ఎదురయ్యే ఎంపిక ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008 అక్టోబరులో డిప్రెషన్‌కు టీఎంఎస్‌ను అనుమతించింది. 301 మంది రోగులతో జరిగి 2007లో వెలువడిన పరీక్ష దానికి ఆధారం. ఆ పద్ధతిలో పది హెర్ట్జ్ వేగంతో నాలుగు సెకన్లు ఇచ్చి 26 సెకన్లు ఆపుతారు. అలా 75 విడతలు, మొత్తం 3,000 పల్స్‌లు, 37 నిమిషాలన్నర. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. విరామాన్ని 11 సెకన్లకు కుదిస్తే అదే మోతాదు 19 నిమిషాల్లో పూర్తవుతుంది. ఇప్పుడు చాలా కేంద్రాలు ఆ కుదింపునే వాడుతున్నాయి.

రెండోది విరామాలతో ఇచ్చే తీటా బర్స్ట్, ఐటీబీఎస్. ఒక సెషన్ మూడు నిమిషాల పైచిలుకు. ఈ రెండింటినీ ముఖాముఖి పోల్చిన పెద్ద పరీక్ష కెనడాలో జరిగింది. డేనియల్ బ్లంబర్గర్ బృందం 414 మంది రోగులతో చేసి 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించింది. లక్షణాలు సగానికి సగం తగ్గినవారు పది హెర్ట్జ్‌లో 47 శాతం, తీటా బర్స్ట్‌లో 49 శాతం. పూర్తిగా కోలుకున్నవారు 27 శాతం, 32 శాతం. చిన్న సెషన్ పెద్ద సెషన్‌కు తీసిపోదని తేలింది. తీటా బర్స్ట్‌లో నొప్పి కొంచెం ఎక్కువగా అనిపించిందని రోగులు చెప్పారు, కానీ మధ్యలో మానేసినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడాది ఎఫ్‌డీఏ దాన్ని కూడా అనుమతించింది.

కాబట్టి రెండూ అందుబాటులో ఉంటే తీటా బర్స్ట్ తీసుకోండి. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఇరవై, ముప్పై రోజులు వరసగా బయలుదేరి వెళ్లడమే అసలు పరీక్ష. కుర్చీలో కూర్చునే సమయం తగ్గితే ఉద్యోగానికి, చదువుకు, తీసుకెళ్లే మనిషి పనికి అడ్డు తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త. సెషన్ పదో వంతుకు దగ్గరగా కుదిరినప్పుడు ఫీజు కూడా కొంతైనా తగ్గాలి. ఎక్కువ మందిని చూడగలిగే కేంద్రం ఆ లాభాన్ని రోగితో పంచుకుంటుందో లేదో ముందే అడగండి. తల చర్మం బాగా సున్నితమైనవారు, తరచూ మైగ్రేన్ వచ్చేవారు తీటా బర్స్ట్ భరించలేకపోతే పది హెర్ట్జ్‌కు మారవచ్చు, నష్టమేమీ లేదు.

సెషన్‌లో ఎలా ఉంటుందంటే, వేలి కణుపుతో తలుపు మీద వడివడిగా తట్టినట్టు నుదుటి పక్కన తగులుతుంది, పెద్దగా టకటక శబ్దం వస్తుంది. కనురెప్ప, దవడ కొంచెం అదరవచ్చు. మొదటి వారం తలనొప్పి మామూలే, పారాసిటమాల్‌తో తగ్గుతుంది. మత్తు ఉండదు, మతిమరుపు రాదు, అయిపోగానే లేచి ఇంటికి వెళ్లవచ్చు.

కుడివైపు, నెమ్మదిగా

కుడివైపు ప్రీఫ్రంటల్ భాగం మీద ఒక హెర్ట్జ్ వేగంతో ఇచ్చే పద్ధతి గురించి మన దగ్గర తక్కువగా వింటాం. ఎడమను పెంచే బదులు కుడిని తగ్గించడం దీని ఆలోచన. ఫలితం ఎడమవైపు పద్ధతికి దగ్గరగానే ఉన్నట్టు పరీక్షలు చూపాయి. నొప్పి తక్కువ, మూర్ఛ వచ్చే అవకాశం కూడా తక్కువని భావిస్తారు. ఎడమవైపు ప్రేరణ భరించలేనివారికి, ఆందోళన బాగా ఎక్కువగా ఉన్నవారికి, మూర్ఛ భయం ఉన్నవారికి వైద్యులు దీన్ని ఆలోచిస్తారు. మీ డాక్టరు ప్రస్తావించకపోతే మీరే అడగండి.

డీప్ టీఎంఎస్ అనే పేరు

మామూలు కాయిల్ ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది. రెండు చుట్టలు కలిసే చోట క్షేత్రం కేంద్రీకృతమవుతుంది. డీప్ టీఎంఎస్‌లో హెల్మెట్ లోపల అమర్చిన హెచ్ కాయిల్ వాడతారు. ఇది నాలుగు సెంటీమీటర్ల దాకా చేరగలదు. కానీ లోతు పెరిగిందంటే వెడల్పు కూడా పెరిగిందనే అర్థం. 2013లో 50 రకాల కాయిళ్లను కంప్యూటర్‌లో పోల్చి చూసిన అధ్యయనం దీన్ని తేల్చింది. పైపొరను వదిలేసి లోతును మాత్రమే ప్రేరేపించే కాయిల్ ఒక్కటీ లేదు. డీప్ అన్న మాట విని, లోపలి రోగాన్ని సూటిగా పట్టుకుంటుందని అనుకోవద్దు. విశాలమైన భాగాన్ని ఒకేసారి కదిలిస్తుంది, అంతే.

డిప్రెషన్‌కు మామూలు కాయిల్ దొరికితే డీప్ కోసం ఎక్కువ డబ్బు పెట్టవలసిన అవసరం నాకు కనిపించదు. ఓసీడీ సంగతి వేరు. చేతులు పదేపదే కడగడం, తలుపు గడియ పదేపదే చూసుకోవడం వంటి ఆలోచనల చక్రంలో చిక్కుకున్నవారికి మెదడు మధ్యరేఖకు దగ్గరగా ఉన్న భాగాన్ని ప్రేరేపించాలి. దానికి తగ్గ హెచ్ కాయిల్ ఉంది. 2018లో ఎఫ్‌డీఏ దాన్ని అనుమతించింది. ఆ పరీక్షలో అసలు చికిత్స పొందినవారిలో 38 శాతం, పోలిక కోసం ప్రేరణ లేకుండా ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 11 శాతం మెరుగుపడ్డారు. ప్రతి సెషన్‌కూ ముందు రోగి చేత ఆ భయాన్ని కొద్దిగా గుర్తు చేయించి, ఆ నాడీవలయం పనిచేస్తుండగా ప్రేరణ ఇచ్చారు. ఓసీడీకి డీప్ టీఎంఎస్ చేస్తామనే కేంద్రం ఈ మొదటి భాగాన్ని వదిలేస్తుంటే, సగం చికిత్సే ఇస్తున్నట్టు.

ఐదు రోజుల కోర్సు

స్టాన్‌ఫోర్డ్‌లో నోలన్ విలియమ్స్ బృందం రూపొందించిన సెయింట్ పద్ధతి ఇది. రోగి సొంత ఎంఆర్‌ఐ చూసి, సబ్‌జెన్యువల్ భాగానికి వ్యతిరేకంగా నడిచే బిందువును ఎంచుకుంటారు. గంటకొకటి చొప్పున రోజుకు పది సెషన్లు, ఒక్కో సెషన్‌కు 1,800 పల్స్‌లు, ఐదు రోజులు. సంధుల్లో మార్పు నిలబడాలంటే విడతల మధ్య తగినంత విరామం కావాలన్న నాడీశాస్త్ర పరిశోధన ఆ గంట వ్యవధికి ఆధారం. 29 మందితో చేసిన పరీక్షలో నాలుగు వారాల్లోపు ఎప్పుడో ఒకప్పుడు పూర్తిగా కోలుకున్నవారు 79 శాతం, ఉత్తుత్తి చికిత్సలో 13 శాతం. 2022 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

ఈ అంకెలు చూసి ఆశ పుట్టడం సహజం, నాకూ పుట్టింది. అయినా 29 మంది చిన్న సంఖ్య. ఇంకో ముఖ్యమైన విషయం, రోజుకు ఎన్నో సెషన్లు ఇచ్చినంత మాత్రాన అది సెయింట్ అయిపోదు. ఎంఆర్‌ఐతో బిందువు ఎంచుకోకుండా, మామూలు చోటే రోజుకు నాలుగైదు సెషన్లు కుదించి ఇస్తూ ఆ 79 శాతాన్ని చూపించి ఫీజు తీసుకోవడం సరికాదు. బిందువు ఎలా ఎంచుతారు, ఒక సెషన్‌కూ తర్వాతి దానికీ మధ్య ఎంత వ్యవధి ఇస్తారు అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే మామూలు ఆరు వారాల కోర్సే నయం.

ఈసీటీని పక్కన పెట్టకండి

సినిమాలు చూసి ఈసీటీ అంటే భయపడేవారు టీఎంఎస్‌ను దానికి సున్నితమైన ప్రత్యామ్నాయం అనుకుంటారు. రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. టీఎంఎస్ మూర్ఛ రాకుండా ఒక చిన్న భాగాన్ని మలుచుకుంటూ పోతుంది. ఈసీటీ మత్తులో ఉన్న మనిషి మెదడంతటా అదుపులో ఉండే మూర్ఛను ఉద్దేశపూర్వకంగా కలిగిస్తుంది. వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు సార్లు ఇస్తారు. కొంతకాలం జ్ఞాపకశక్తి దెబ్బతినడం దాని ప్రధానమైన ఇబ్బంది. మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 నిషేధించింది.

బలంలో ఈసీటీయే పైచేయి. లండన్‌లో 46 మంది తీవ్ర రోగులతో చేసి 2007లో ప్రచురించిన పోలికలో ఈసీటీతో 59 శాతం, టీఎంఎస్‌తో 17 శాతం కోలుకున్నారు. తిండి నీళ్లు మానేసిన మనిషి, ఆత్మహత్య ఆలోచన తీవ్రంగా ఉన్న మనిషి, లేని గొంతులు వింటున్న మనిషి, కట్టెలా బిగుసుకుపోయిన మనిషి మీ ఇంట్లో ఉంటే టీఎంఎస్ కోసం ఆరు వారాలు ఆగకండి. వెంటనే ఈసీటీ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ ఒక్క విషయంలో నా మాటలో సందేహానికి చోటు లేదు.

ఇంట్లో వాడే పరికరాలు

టీడీసీఎస్ అనే పరికరంలో అయస్కాంతం ఉండదు. తడి స్పాంజి ఎలక్ట్రోడ్ల ద్వారా ఒకటి రెండు మిల్లీయాంపియర్ల విద్యుత్తు పంపుతుంది. అది నాడీకణాన్ని స్పందింపజేయదు, స్పందించడానికి కొంచెం సిద్ధంగానో, కొంచెం దూరంగానో ఉంచుతుంది, అంతే. డిప్రెషన్‌లో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. 2023లో జర్మనీ పరీక్షలో మందులకు దీన్ని జోడించినా అదనపు మేలు కనిపించలేదు. 2024లో ఇంట్లో పది వారాలు వాడించిన మరో పరీక్షలో మేలు కనిపించింది. డాక్టరు పర్యవేక్షణలో, తేలికపాటి లక్షణాలకు ప్రయత్నించవచ్చు. ఆన్‌లైన్‌లో కొని సొంతంగా వాడవద్దు.

పక్షవాతం వచ్చిన ఇంట్లో

చేయి పడిపోయినవారికి టీఎంఎస్ చేస్తామనే ఫిజియోథెరపీ కేంద్రాలు పెరుగుతున్నాయి. మెదడులో ఒక అర్ధగోళం దెబ్బతింటే రెండోది దాన్ని మరింత అణచివేస్తుందన్న ఆలోచనతో, బాగున్నవైపు ఒక హెర్ట్జ్ ఇచ్చి దాని జోరు తగ్గిస్తారు. పక్షవాతం వచ్చిన తొలి వారాలు, నెలల్లో, చేతి వ్యాయామంతో కలిపి ఇస్తే దీనికి మంచి ఆధారం ఉందని 2020లో యూరప్ నిపుణుల మార్గదర్శకాలు చెప్పాయి. కానీ మూడు నుంచి పన్నెండు నెలలు గడిచినవారితో జరిగి 2018లో వెలువడిన నీష్ పరీక్షలో, ఉత్తుత్తి చికిత్స కన్నా అదనపు ఫలితం రాలేదు. ఏళ్లు గడిచిన చేతిని తిరిగి లేపుతామనే హామీని నమ్మకండి. వ్యాయామం లేకుండా కాయిల్ ఒక్కటే పెట్టేవారిని అసలు నమ్మకండి.

డబ్బు కట్టే ముందు

తలలో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో అమర్చిన ఎలక్ట్రోడ్లు ఉన్నవారికి టీఎంఎస్ ఇవ్వకూడదు. పేస్‌మేకర్ ఉంటే ముందుగా గుండె వైద్యుణ్ని అడగాలి. పంటికి పెట్టిన సిమెంటు, తొడుగులు ఉంటే సాధారణంగా పరవాలేదు. మూర్ఛ వచ్చే అవకాశం వెయ్యి మందిలో ఒకరి కన్నా తక్కువ. అయితే రాత్రంతా మేలుకోవడం, మద్యం తాగడం లేదా ఉన్నట్టుండి మానేయడం, డిప్రెషన్‌కు ఇచ్చే బుప్రోపియాన్ వంటి మందులు దాన్ని పెంచగలవు. కోర్సు మధ్యలో మందు మారితే, రాత్రి నిద్ర పట్టకపోతే ఆ ఉదయమే టెక్నీషియన్‌కు చెప్పండి, థ్రెషోల్డ్ మళ్లీ కొలవమనండి. గతంలో ఎప్పుడైనా మితిమీరిన ఉత్సాహం, నిద్ర అవసరం లేకపోవడం వంటి దశ వచ్చి ఉంటే దాచకండి. బైపోలార్ ఉన్నవారిని టీఎంఎస్ ఆ దశలోకి నెట్టే అవకాశం కొద్దిగా ఉంది.

శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో విశాఖకు, హైదరాబాద్‌కు వచ్చి ఆరు వారాలు గది అద్దెకు తీసుకుని ఉండవలసిన కుటుంబానికి చికిత్స ఫీజు కన్నా బస ఖర్చే భారం కావచ్చు. మీకు దగ్గరలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ మానసిక వైద్య విభాగంలో యంత్రం ఉందేమో ముందు కనుక్కోండి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో టీఎంఎస్, టీడీసీఎస్, ఈసీటీ మూడూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఏది కావాలో తేలనివారికి అలాంటి చోట ఒక్కసారి చూపించుకుని, నిర్ణయించిన చికిత్సను ఇంటికి దగ్గరలో చేయించుకోవడం మంచి పద్ధతి. మానసిక రోగాలకు కూడా శరీర రోగాలతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. కానీ టీఎంఎస్ ఆసుపత్రిలో చేరకుండా చేసేది కాబట్టి చాలా పాలసీలు దాన్ని అవుట్ పేషెంట్ ఖర్చు కింద పక్కన పెడతాయి. కోర్సు మొదలుకాక ముందే బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

పది సెషన్లు అయ్యేసరికి మార్పు కనిపించకపోతే చాలామంది మానేస్తారు. మెరుగుదల కొందరిలో మూడో నాలుగో వారంలోగానీ మొదలవదు. ఇరవై సెషన్లు పూర్తయ్యాక డాక్టరుతో కూర్చుని, మొదటి రోజు నింపిన ప్రశ్నావళిని, ఆ రోజు నింపినదాన్ని పక్కపక్కన పెట్టి చూడమనండి. ఈలోగా రోగి ఆత్మహత్య మాట ఎత్తితే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ఆ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.